ఒడ్డుకు కొట్టుకొచ్చిన ‘సగ్గుబియ్యం’

చూడ్డానికి అచ్చం సగ్గుబియ్యమే! తెల్లగా, గుండ్రంగా, కందిగింజంత ఉంటాయి. గుప్పిట్లోకి తీసుకుంటే జలజలా జారిపోతాయి. 2025 మే నెలాఖర్లో కేరళలోని కొల్లం, తిరువనంతపురం తీరాలకు ఇవి అలల మీద తేలుతూ వచ్చి ఇసుకలో కలిసిపోయాయి. అవి తినేవి కావు, ప్లాస్టిక్ గుళికలు. ఇంగ్లిష్‌లో ‘నర్డిల్స్’ అంటారు. మనింట్లో బకెట్, కుర్చీ, నీళ్ల సీసా, పాల ప్యాకెట్... ఏదైనా సరే, పుట్టుక ఈ గుళికల నుంచే. వీటిని కరిగించి అచ్చుల్లో పోస్తే వస్తువులు తయారవుతాయి.

మరి అవి బీచ్‌కి ఎలా వచ్చాయి? ఆ ఏడాది మే 24న విళింజం రేవు నుంచి కొచ్చి వెళ్తున్న ‘ఎంఎస్‌సీ ఎల్సా 3’ అనే నౌక ఓ పక్కకి ఒరిగిపోయింది. మర్నాడు మునిగిపోయింది. అందులోని 24 మందినీ తీర రక్షక దళం, నౌకాదళం క్షేమంగా కాపాడాయి. 640 కంటెయినర్లు మాత్రం కొన్ని నౌకతోపాటు అడుక్కి పోయాయి, కొన్ని తేలుతూ ఒడ్డుకి వచ్చాయి. వాటిలో 13 కంటెయినర్లలో ప్రమాదకరమైన సరకు ఉందని అధికారులు ప్రకటించారు. తీరమంతా వాటి గురించే భయం. తీరా చూస్తే, నెలల తరబడి జనంతో ఇసుక జల్లెడ పట్టించిన ప్లాస్టిక్ గుళికలు ఆ 13లో లేనే లేవు!

ఎందుకంటే, సముద్ర రవాణా నిబంధనల ప్రకారం ఈ గుళికలు ‘ప్రమాదకర సరకు’ కిందికి రావు. గోతాల్లో నింపి, కంటెయినర్‌లో పెట్టి, ఓడపైన ఎక్కడ వీలైతే అక్కడ పేర్చేయొచ్చు. చేపలు వాటిని గుడ్లనుకుని మింగుతాయి. నీళ్లలోని విషపదార్థాలు వాటికి అంటుకుంటాయి. ఏళ్లు గడిచినా కుళ్లవు, కరగవు. అయినా కాగితం మీద మాత్రం అవి సాధారణ సరకే.

ఇది కొత్తగా తెలిసిన సంగతీ కాదు. 2021 మే నెలలో కొలంబో దగ్గర ‘ఎక్స్‌ప్రెస్ పెర్ల్’ నౌక తగలబడి, జూన్‌లో మునిగిపోయింది. అందులో దాదాపు 1,680 టన్నుల గుళికలున్నాయి. శ్రీలంక పశ్చిమ తీరం తెల్లబడిపోయింది. ఆ తర్వాత 2024లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ కొన్ని సూచనలు చేసింది. గుళికల్ని గట్టి సంచుల్లో నింపాలి, లోపల ఏముందో రవాణాదారుకి స్పష్టంగా చెప్పాలి, కంటెయినర్లను ఓడలో భద్రమైన చోట పెట్టాలి అని. సూచనలే, చట్టం కాదు. పాటించకపోతే అడిగేవాళ్లు లేరు. ఏడాది తిరిగేసరికి కేరళ వంతు వచ్చింది.

వెయ్యి రూపాయలు, ఆరు కిలోల బియ్యం

నౌక మునిగిన చోటికి 20 నాటికల్ మైళ్ల లోపు వేటకి వెళ్లొద్దన్నారు. వెళ్లినవాళ్లు తెచ్చిన చేపల్ని కొనడానికి జనం జంకారు. అసలే వర్షాకాలం మొదలైంది. జూన్ 10 నుంచి ఏటా ఉండే మరపడవల వేట నిషేధం ముంచుకొస్తోంది. అప్పులు తీర్చుకోవాల్సిన ఆఖరి పక్షం రోజులూ అలా పోయాయి. ప్రభుత్వం ఈ ప్రమాదాన్ని రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, నాలుగు జిల్లాల మత్స్యకార కుటుంబాలకు తాత్కాలిక సాయంగా వెయ్యి రూపాయలు, ఆరు కిలోల బియ్యం ఇచ్చింది. వెయ్యి రూపాయలతో మత్స్యకార కుటుంబానికి ఎన్నాళ్లు గడుస్తుందో ఎవరైనా లెక్కేయొచ్చు.

తర్వాత కేరళ సర్కారు హైకోర్టుకి వెళ్లింది. మొత్తం 9,531 కోట్ల రూపాయల పరిహారం కావాలంది. అందులో 8,626 కోట్లు పర్యావరణానికి జరిగిన నష్టం. మత్స్యకారుల నష్టం 526 కోట్లు. మిగిలింది శుభ్రం చేయడానికి, మరమ్మతులకు. మునిగిన ఓడని ఎలాగూ జప్తు చేయలేరు కదా! అందుకే దాని యాజమాన్యానికే సంబంధించినదంటూ విళింజంలో ఉన్న మరో నౌకను కోర్టు ఆదేశంతో నిలిపేశారు. సముద్ర చట్టంలో దీన్ని ‘నౌకను అరెస్టు చేయడం’ అంటారు. మాట విచిత్రంగా ఉన్నా, విదేశీ కంపెనీని మన కోర్టు మెట్లెక్కించడానికి అంతకంటే గట్టి ఆయుధం లేదు. 2025 సెప్టెంబరులో కోర్టు పూచీకత్తు మొత్తాన్ని సుమారు 1,227 కోట్లకు తగ్గించింది. అదే ఏడాది జులైలో శ్రీలంక సుప్రీంకోర్టు పెర్ల్ నౌక సంస్థను వంద కోట్ల డాలర్లు కట్టమంది. తీర్పు రావడానికి నాలుగేళ్లు పట్టింది.

వలలో పడిన చెత్త ఎటు పోయేది?

సముద్రాన్ని పాడుచేసేది ఓడలొక్కటే కాదు. అదే కేరళలో, అదే కొల్లం జిల్లాలో మరో కథ ఉంది. నీండకర, శక్తికుళంగర రేవుల నుంచి వేటకెళ్లే మరపడవల వలల్లో చేపలతోపాటు సంచులు, సీసాలు, తెగిన వలలు కుప్పలుగా పడేవి. మత్స్యకారులు చేపలు ఏరుకుని చెత్తను మళ్లీ సముద్రంలోకే విసిరేసేవారు. తప్పు వాళ్లదేనా? ఒడ్డుకి తెస్తే పడవలో చోటు దండగ, డీజిలు దండగ. పోనీ తెచ్చినా, రేవులో దాన్ని తీసుకునే నాథుడు లేడు!

2017లో అప్పటి మత్స్యశాఖ మంత్రి జె.మెర్సికుట్టి అమ్మ చొరవతో ‘శుచిత్వ సాగరం’ పథకం మొదలైంది. ఆమెదీ కొల్లం జిల్లాయే. పథకంలో బ్రహ్మవిద్యేం లేదు. పడవ పడవకీ ఓ సంచి ఇచ్చారు. చెత్తను అందులో వేసి రేవులో అప్పగిస్తే చాలు. అక్కడ మహిళలు దాన్ని కడిగి, ఆరబెట్టి, రకాలవారీగా వేరుచేస్తారు. పనికొచ్చే ప్లాస్టిక్‌ను యంత్రం ముక్కలు చేస్తుంది. ఆ ముక్కల్ని తారులో కలిపి రోడ్లు వేస్తారు. అంటే సంచి ఇచ్చేవాళ్లు, తీసుకునేవాళ్లు, శుభ్రం చేసేవాళ్లు, కొనేవాళ్లు... గొలుసు మొత్తం సిద్ధం చేశాకే మత్స్యకారుల్ని సాయమడిగారన్నమాట. మొదటి పది నెలల్లో 25 టన్నుల ప్లాస్టిక్ ఒడ్డుకి చేరింది.

సముద్రంలోని మొత్తం చెత్తతో పోలిస్తే అది చాలా తక్కువ. ఆ సంగతి కాదనలేం. కానీ గొలుసులో ఏ ఒక్క లంకె తెగినా ఆ 25 టన్నులూ తిరిగి నీళ్లలోకే వెళ్లేవి.

ఖాళీ సీసాకి ఇరవై రూపాయలు

మరి చెత్త సముద్రం దాకా రాకుండా ఆపాలంటే? ఐర్లండ్‌ది అందరూ చెప్పుకునే ఉదాహరణ. 2002 మార్చిలో అక్కడ ప్రతి ప్లాస్టిక్ సంచికి 15 సెంట్ల పన్ను వేశారు. నిషేధించలేదు, ఊరికే ఇవ్వొద్దన్నారంతే. కొద్ది కాలంలోనే వాడకం 90 శాతం పడిపోయింది. సంచి ఉచితంగా వచ్చినన్నాళ్లూ ఎవరికీ బరువనిపించలేదు!

మన దగ్గరా ఇలాంటి ప్రయోగాలు ఉన్నాయి. ఖాళీ మద్యం సీసాలు అడవిలో ఏనుగుల కాళ్లకి గుచ్చుకుంటున్నాయని మద్రాసు హైకోర్టు గట్టిగా చెప్పడంతో, 2022లో నీలగిరి జిల్లాలో సీసాకి పది రూపాయలు అదనంగా తీసుకుని ఖాళీది తెస్తే తిరిగివ్వడం మొదలుపెట్టారు. 2025 సెప్టెంబరులో కేరళ కూడా తిరువనంతపురం, కన్నూర్‌లలోని కొన్ని ప్రభుత్వ మద్యం దుకాణాల్లో ప్రయోగాత్మకంగా సీసాకి 20 రూపాయల డిపాజిట్ పెట్టింది. తాగినవాడు సీసాని బీచ్‌లో వదిలేసినా ఫర్వాలేదు, ఆ ఇరవై కోసం ఎవరో ఒకరు ఏరుకెళతారు.

విశాఖ సంగతి చూద్దాం. రుషికొండ బీచ్‌కి 2020లో ‘బ్లూ ఫ్లాగ్’ గుర్తింపు వచ్చింది. నీటి నాణ్యత నుంచి మరుగుదొడ్ల వరకూ 33 అంశాలు పరీక్షిస్తేగానీ ఆ జెండా ఇవ్వరు. నిర్వహణ సరిగా లేదన్న ఫిర్యాదులతో 2025లో కొన్నాళ్లు ఆ జెండా దిగింది కూడా. దాన్ని పరువు నష్టంగా చూడక్కర్లేదు. బాగా లేకపోతే దించేసే జెండాకే విలువ. 2022 ఆగస్టులో నగర తీరంలో వేలమంది కలిసి ఒక్క ఉదయమే 76 టన్నుల చెత్త ఎత్తారని ప్రభుత్వం ప్రకటించింది. గొప్ప విషయమే. అయితే నగరంలో వాన పడ్డప్పుడల్లా గెడ్డల్లోంచి సముద్రానికి చేరే సంచులూ సీసాల సంగతేంటి? ఆ ఏడాది జులై 1 నుంచే దేశమంతటా ప్లాస్టిక్ స్ట్రాలు, చెంచాలు, గ్లాసుల్లాంటివి నిషేధించారు. టీకొట్టు దగ్గర ఒకసారి నిలబడి చూస్తే ఆ నిషేధం ఎంతవరకు వచ్చిందో తెలిసిపోతుంది.

ప్యాకెట్లు తయారుచేసే కంపెనీలే వాటిని వెనక్కి తీసుకునే ఏర్పాటు చేయాలని 2016 నిబంధనలు చెబుతున్నాయి. 2022లో ఇంకాస్త బిగించి లక్ష్యాలు పెట్టారు. సముద్రానికి సరిహద్దుల్లేవు కాబట్టి ప్రపంచమంతటికీ ఒకే ఒప్పందం ఉండాలని అదే ఏడాది మార్చిలో నైరోబీలో దేశాలన్నీ తీర్మానించాయి. గడువు 2024 ఆఖరు. ఆ డిసెంబరులో బూసాన్‌లో తేలలేదు. 2025 ఆగస్టులో జెనీవాలోనూ తేలలేదు. అసలు ప్లాస్టిక్ తయారీకే పరిమితి పెట్టాలని కొన్ని దేశాలు, చెత్తను సర్దుకుంటే చాలని చమురు దేశాలు పట్టుబట్టాయి. జెనీవా సమావేశం ముగిసేనాటికి ఎల్సా మునిగి మూడు నెలలు కూడా కాలేదు.