తయారుచేసినవారు: తెలియదు

‘బొమ్మ. చెక్క, తోలు. ఆర్కిటిక్ ప్రాంతం. తయారుచేసినవారు: తెలియదు.’

పెద్ద మ్యూజియంల వెబ్‌సైట్లలో ఇన్యూట్ వస్తువుల కోసం వెతికితే ఇలాంటి ఎంట్రీలు వరసగా కనిపిస్తాయి. ఫొటో బాగుంటుంది. కొలతలు పక్కాగా ఉంటాయి. ఎవరు సేకరించారో, ఏ ఏడాది మ్యూజియానికి చేరిందో ఉంటుంది. చేసిన మనిషి పేరు దగ్గరికొచ్చేసరికి మాత్రం గడి ఖాళీ!

డేటాబేస్ సబ్జెక్టులో దీన్ని ‘నల్ వాల్యూ’ అని చదువుకున్నాం కదా. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. మ్యూజియంలో మాత్రం ఆ నల్ వెనక ఒక మనిషి ఉంటారు. ఆ గడి నింపడానికి కొందరు ఏళ్ల తరబడి పనిచేస్తున్నారు. అది ఉద్యోగం కూడా. డేటా, కోడింగ్, 3డీ తెలిసినవాళ్లకి అక్కడ పనేంటో చూద్దాం.

తోలులో దాగిన ఇంజినీరింగ్

కెనడా, గ్రీన్లాండ్, అలాస్కాల ఉత్తర ప్రాంతాల్లో ఉండే ప్రజలు ఇన్యూట్‌లు. చలికాలంలో మైనస్ 40 డిగ్రీలకి కూడా పడిపోయే చోటు. అక్కడ వేసుకునే కోటు సరిగ్గా లేకపోతే ప్రాణం మీదికొస్తుంది.

అందుకే వాళ్ల దుస్తుల్ని ఒకసారి ఇంజినీర్ కళ్లతో చూడండి. చలికాలం కోట్లకి కారిబూ అనే ఉత్తర ప్రాంతపు జింక తోలు వాడతారు. దాని వెంట్రుకల లోపల గాలి నిండిన గుల్ల ఉంటుంది. అదే ఇన్సులేషన్. రెండు పొరలు వేసుకుంటారు. లోపలి పొరలో వెంట్రుకలు ఒంటివైపు, పై పొరలో బయటివైపు ఉంటాయి. తడిలో తిరిగే బూట్లకి సీల్ తోలు. దారంగా జంతువుల నరాన్ని చీల్చి వాడేవారు. తడిస్తే ఆ నరం ఉబ్బి సూది బెజ్జాన్ని మూసేస్తుంది. నీరు చొరకూడని చోట సూది తోలు మందంలో సగం వరకే దిగేలా కుడతారు. అంటే అవతలి వైపుకి రంధ్రమే పడదు!

తల్లులు వేసుకునే కోటుని ‘అమౌతి’ అంటారు. బిడ్డను మోసేందుకు వీపు దగ్గర సంచిలాంటి చోటు, పెద్ద టోపీ, వదులైన భుజాలు ఉంటాయి. బిడ్డను చలిగాలిలోకి తీయకుండానే లోపలి నుంచి ముందుకి తిప్పి పాలివ్వచ్చు. ఇంత కటింగుకి పాతరోజుల్లో టేపు లేదు, కాగితం మీద పాటర్న్ లేదు. కంటితో, చేతి కొలతతో అమ్మలు కోసేవారు. కూతుళ్లు పక్కన కూర్చుని చూసి నేర్చుకునేవారు.

బొమ్మల విలువ ఇక్కడే తెలుస్తుంది. ఆడపిల్లలు బొమ్మలకి బట్టలు కుడుతూ కుట్టుపని నేర్చుకునేవారు. చిన్న తోలుముక్క పాడైనా పెద్ద నష్టం లేదు కదా! అందుకే మ్యూజియంలో ఉన్న పాత బొమ్మను ఆటవస్తువుగా మాత్రమే చూడకూడదు. ఆ ఊళ్లో ఆ కాలంలో కోటుని ఎన్ని ముక్కలుగా కోసేవారో, ఏ ముక్క ఎక్కడ కలిసేదో చూపించే స్కేల్ మోడల్ అది.

పేరు ఎక్కడ పోయింది?

1860ల్లో రోడరిక్ మక్‌ఫార్లేన్ అనే హడ్సన్స్ బే కంపెనీ వ్యాపారి ఇన్యూవియాలుయిట్ ప్రజల వస్తువుల్ని వందల్లో సేకరించి అమెరికాలోని స్మిత్సోనియన్‌కి పంపాడు. 1903-05 మధ్య రోల్డ్ అముండ్‌సెన్ జోవా హేవెన్‌లో ఉన్నప్పుడు సేకరించినవి నార్వే చేరాయి. 1921-24 మధ్య నుడ్ రాస్ముసెన్ బృందం సేకరించినవి డెన్మార్క్ వెళ్లాయి. సేకరించినవాళ్ల పేర్లు రికార్డుల్లోకి ఎక్కాయి. కుట్టినవాళ్ల పేర్లు అడిగి రాసుకోవడం మాత్రం అరుదు.

శిల్పాల కథ ఇంకాస్త తర్వాతది. 1948లో జేమ్స్ హ్యూస్టన్ అనే కెనడా చిత్రకారుడు ఆర్కిటిక్ క్యూబెక్‌లోని ఇనుక్‌జువాక్‌కి వెళ్లి చిన్న చిన్న శిల్పాలు తెచ్చాడు. మరుసటి ఏడాది మాంట్రియల్‌లో పెట్టిన అమ్మకానికి జనం ఎగబడ్డారు. అక్కణ్నుంచి ఇన్యూట్ శిల్పాలకి ప్రపంచ మార్కెట్ వచ్చింది. నకిలీలూ మొదలవడంతో 1958లో కెనడా ప్రభుత్వం ‘ఇగ్లూ ట్యాగ్’ అనే గుర్తింపు చీటీ తెచ్చింది.

మరి శిల్పి పేరు? ఇన్యూట్‌లకి అప్పట్లో ఇంటిపేర్లు లేవు. చనిపోయిన ఆత్మీయుల పేరు పుట్టిన బిడ్డకి పెట్టుకుంటారు. ఒకే పేరుని ఒక్కో అధికారి ఒక్కోలా రాసేవాడు. దీంతో కెనడా ప్రభుత్వం 1941 నుంచి మనిషికో నంబరు ఇచ్చి, దాన్ని చెక్కిన చిన్న బిళ్లను దగ్గర ఉంచుకోమంది. మనుషులకి ప్రైమరీ కీ కేటాయించారన్నమాట! చాలామందికి అది అవమానంగానే మిగిలింది. 1960ల చివర్లో అబే ఓక్‌పిక్ అనే ఇన్యూట్ నాయకుడు ఊరూరా తిరిగి కుటుంబాలు ఎంచుకున్న ఇంటిపేర్లని నమోదు చేశాడు. తర్వాత బిళ్లలు పోయాయి.

విచిత్రం ఏంటంటే, కొందరు శిల్పులు రాయి అడుగున ఆ నంబరే చెక్కారు. ఇవాళ ‘తెలియదు’ అని ఉన్న శిల్పానికి పేరు వెతికేవాళ్లకి ఒక్కోసారి అదే ఆధారం. ఇంకొందరు తమ లిపిలో సంతకం చేశారు. ఆ అక్షరాలు 1999లో యూనికోడ్‌లోకి వచ్చాయి. తెలుగు అక్షరాల బదులు డబ్బాలు కనిపించిన రోజులు గుర్తున్నవాళ్లకి ఇది ఎంత పెద్ద విషయమో చెప్పక్కర్లేదు. పాస్‌పోర్టు ఫారంలో ఇంటిపేరు ఎక్కడ రాయాలో తెలియక తికమకపడ్డవాళ్లకి పేర్ల గొడవ కూడా కొత్తది కాదు.

గడి నిండితే ఏం జరుగుతుంది?

2009లో ఇన్యూవియాలుయిట్ పెద్దలు, యువత, కుట్టుపని తెలిసినవాళ్లు స్మిత్సోనియన్ స్టోర్‌రూముకి వెళ్లి, మక్‌ఫార్లేన్ పంపిన వస్తువుల్ని దగ్గరగా చూశారు. మ్యూజియంకి తెలియని పేర్లు, వాడకాలు వాళ్లు చెప్పారు. పాత కోట్లు చూసి పాటర్న్‌లు గీసుకున్నారు. ఆ వస్తువులన్నీ ఊళ్లో ఉన్నవాళ్లు కూడా చూసేలా 2012లో ఒక వెబ్‌సైట్ మొదలైంది. నార్వేలో ఉన్న అముండ్‌సెన్ సేకరణలోంచి 16 వస్తువులు 2013లో జోవా హేవెన్‌లోని నాట్టిలిక్ హెరిటేజ్ సెంటర్‌కి తిరిగొచ్చాయి. 2002లో కెనడా జాతీయ ఆర్కైవ్స్ పాత ఫొటోల్లోని పేరులేని ముఖాలకి పేర్లు చెప్పమని ఇన్యూట్‌లనే అడగడం మొదలుపెట్టింది. ఫొటోలు స్కాన్ చేసి ఊళ్లకి పంపితే, యువత వాటిని పెద్దవాళ్లకి చూపించి వివరాలు రాబట్టారు. విన్నిపెగ్‌లో 2021లో తెరిచిన ‘కౌమాయుక్’ ఇన్యూట్ కళాకేంద్రంలో శిల్పాలు నేలమాళిగలో దాక్కోలేదు. మూడంతస్తుల గాజు గదిలో వేలల్లో కనిపిస్తాయి.

అలాగని అన్నీ ఆన్‌లైన్‌లో పెట్టేయడం పరిష్కారం కాదు. 1920ల నాటి ఒక ఇన్యూట్ షమాన్ కోటు మీది బొమ్మలు అతణ్ని కాపాడేందుకు వేసినవి. వాటిని 2015లో ఒక బ్రిటన్ ఫ్యాషన్ బ్రాండ్ స్వెటర్ మీద దాదాపు అలాగే దించేసింది. కుటుంబం అభ్యంతరం చెప్పాక క్షమాపణ అడిగి అమ్మకం ఆపింది. కాబట్టి ఏ ఫైలు ఎవరికి తెరవాలి, ఏది ఊరివాళ్లకి మాత్రమే ఉంచాలి అన్నది వాళ్లని అడిగి తేల్చాలి. ఆ తర్వాతే యాక్సెస్ కంట్రోల్ కోడ్ రాయాలి.

ఇందులో మీ పనేంటి?

* డేటా క్లీనింగ్: ఒకే పేరుకి ఉన్న పది స్పెల్లింగుల్ని కలపడం, పాత రిజిస్టర్లను సెర్చ్‌కి దొరికేలా చేయడం. పైథాన్, ఎస్‌క్యూఎల్ చాలావరకు సరిపోతాయి.
* 3డీ, ఫొటోగ్రామెట్రీ: ముట్టుకుంటే రాలిపోయే తోలుని ముట్టుకోకుండా కొలవడం.
* మెటీరియల్ టెస్టింగ్: పురుగు పట్టకుండా పాత మ్యూజియంలు తోలు వస్తువులకి ఆర్సెనిక్ లాంటి విషాలు పూశాయి. ఆ కోటుని మనవరాలి చేతికిచ్చే ముందు ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ పరికరంతో పరీక్షించాలి. కెమిస్ట్రీ, మెటలర్జీ వాళ్లకి తెలిసిన పరికరమే.

మన దేశంలో మ్యూజియం రికార్డుల కోసం సీ-డాక్ పుణె ‘జతన్’ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం వస్తువులు కూడా జాతీయ పోర్టల్‌లో చూడొచ్చు. మ్యూజియాలజీ, కన్సర్వేషన్ పీజీ చదవాలంటే నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్, బరోడా ఎంఎస్ యూనివర్సిటీ ఉన్నాయి. అర్హతలు ఏటా నోటిఫికేషన్‌లో చూసుకోండి.

ఒక్కమాట. ఇక్కడ సీట్లు తక్కువ, పోస్టులు ఇంకా తక్కువ. సాఫ్ట్‌వేర్ కొలువుల్లా వేలల్లో రావు. ఇదొక్కటే నమ్ముకుని మిగతా ప్రయత్నాలు ఆపొద్దు. కానీ ఈ నైపుణ్యాలు ఎక్కడికెళ్లినా పనికొస్తాయి. రెజ్యూమెలో ‘ఈ-కామర్స్ క్లోన్’ ప్రాజెక్టుల మధ్య ఇది వేరుగా కనిపిస్తుంది.

మొదలుపెట్టడానికి మ్యూజియం దాకా పోనక్కర్లేదు. ఈ సెలవుల్లో కొండపల్లి వెళ్లి ఒక బొమ్మ ఎంచుకోండి. ఫోన్‌తోనే చుట్టూ యాభై ఫొటోలు తీసి, ఉచిత సాఫ్ట్‌వేర్‌తో 3డీ మోడల్ చేయండి. చెక్క తెల్లపొణికి అని రాయండి. కొలతలు, రంగులు, ఎన్ని ముక్కలు అతికారో రాయండి. చేసిన కళాకారుడి దగ్గర కూర్చుని ఆయన పేరు ఎలా రాయాలో, ఆన్‌లైన్‌లో పెట్టొచ్చో లేదో అడగండి. ఒప్పుకుంటే ముందు ఆ గడి నింపండి. మిగతావి తర్వాత నింపుకోవచ్చు.