ఫిలిం సిటీ సరే... రాత్రికి బస ఎక్కడ?

ఒకప్పుడు తిరుపతి కొండ దిగిన యాత్రికుల బస్సులు తిన్నగా మద్రాసు దారి పట్టేవి. టీ నగర్‌లో ఎన్.టి. రామారావుగారి ఇంటిముందు పొద్దున్నే జనం గుమిగూడేవారు. బస కోసం చాలామంది వెతుక్కునేవారు కారు, బస్సే బస! 1996లో హైదరాబాద్ శివార్లలో రామోజీ ఫిలిం సిటీ వెలిశాక కథ మారింది. ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో సముదాయమని గిన్నిస్ పుస్తకానికెక్కిన 1,666 ఎకరాల చోటది. పిల్లాజెల్లాతో ఒక్క పూటలో చుట్టిరావడం అయ్యే పని కాదు. మరి రాత్రి ఎక్కడ పడుకోవాలి?

మాది డోర్నకల్. రైళ్ళకి జంక్షనే గాని సినిమాలకి కాదు! పొద్దున గోల్కొండ ఎక్కితే సికింద్రాబాద్‌లో దిగేసరికి మధ్యాహ్నమవుతుంది. ఫిలిం సిటీయేమో విజయవాడ రోడ్డు మీద, హయత్‌నగర్ కూడా దాటాక. అక్కడ సందడి మొదలయ్యేది మర్నాడు ఉదయం తొమ్మిదికి. అంటే దిగిన రోజు పోయినట్టే. మా ఇంట్లో పోట్లాటంతా ఆ రాత్రి గురించే.

మొదటిసారి వెళ్ళినప్పుడు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఓ చవక లాడ్జిలో దిగాం. ఆరుగురికి ఒక్క స్నానాలగది. అందరూ తెమిలి, ట్రాఫిక్ దాటి చేరేసరికి పదకొండున్నర! పిల్లలు పరుగులు పెడుతుంటే అమ్మ మోకాళ్ళు పట్టుకుని ఓ చెట్టుకింద కూలబడింది. ఇంటర్వెల్‌కే లేచొచ్చినట్టయింది ఆ ప్రయాణం.

ఈసారి బావ దిల్‌సుఖ్‌నగర్ చుట్టాల పేరెత్తాడు. ఖర్చుండదు కదా అని.

"సుట్టపోళ్ళింటికి పోతె సుట్టపోళ్ళనే సూసి రావాలె బిడ్డా. ఇగ సినిమా ఊరెప్పుడు సూస్తం?" అంది అమ్మ.

నిజమే. కాఫీలు, కబుర్లు అయ్యేసరికి మళ్ళీ పదకొండున్నరే!

ఎల్.బి. నగర్ లాడ్జి సంగతి కొంత నయం. సికింద్రాబాద్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారితే అక్కడ దిగొచ్చు. కుర్రకారుకి నేను అదే చెబుతాను. కానీ అక్కణ్ణించి ఇంకా ఇరవై కిలోమీటర్ల దాకా రోడ్డుంది. రోడ్డు పక్కన 'ఫిలిం సిటీకి దగ్గర' అని బోర్డు పెట్టుకున్నవాటినీ అంత తేలిగ్గా నమ్మకండి. గేటు దగ్గరకి చేరడం వేరు, లోపలికి చేరడం వేరు. టికెట్ తీసుకున్నాక వాళ్ళ బస్సెక్కి ఇంకా చాలా దూరం పోవాలి.

ఇక లోపలి హోటళ్ళు. షూటింగులకొచ్చే యూనిట్లు కూడా వీటిలోనే దిగుతాయి. 'సితార' అనగానే పాత పాఠకులకి సినిమా వారపత్రిక గుర్తొస్తుంది గాని, ఇక్కడది ఖరీదైన హోటల్. దాని తర్వాత మెట్టు 'తార'. మా బోటివాళ్ళ చూపు ఆగేది 'శాంతినికేతన్' మీద. 'సహారా' డార్మిటరీ, విద్యార్థి బృందాలకి బాగుంటుంది. ముసలాళ్ళకి మాత్రం కాదని నా అభిప్రాయం. అద్దె ఒక్కటే అడిగి ఊరుకోకండి. ప్రవేశ టికెట్ అందులో కలిసిందో లేదో, పిల్లలకి అదనపు మంచం ఇస్తారో లేదో కనుక్కోండి. అన్నిటికన్నా ముఖ్యం, గది ఎన్నింటికి ఖాళీ చెయ్యాలి? మేం తట్టుకున్నది ఇక్కడే. ఒక్క రాత్రికే తీసుకుంటే, చూసే రోజు పొద్దున్నే సామాను సర్దెయ్యాలి. ఎండ నడినెత్తికొచ్చే వేళకి అమ్మకి నడుం వాల్చే చోటే ఉండదు!

"రెండో రాత్రా? ఆ డబ్బుతో పిల్లల స్కూలు బూట్లొస్తాయి" అని బావ లెక్క తేల్చేశాడు. ఆయన తప్పేం లేదు, జీతం రాళ్ళు లెక్కపెట్టుకునే మనిషి. అమ్మ ఏమీ అనలేదు. లోపలికెళ్ళి, నాన్న రైల్వే పింఛనులో దాచుకున్న నోట్లు తెచ్చి బల్లమీద పెట్టింది. "మీ నాయిన ఉన్నప్పుడు పాసు మీద ఊర్లు తిరిగినం గని, ఒక్కనాడూ హోటల్ల పండలే" అంది. అక్క మొహం తిప్పుకుంది. బావ మళ్ళీ బూట్ల మాట ఎత్తలేదు.

రెండు రాత్రులూ శాంతినికేతన్‌లోనే ఉన్నాం. పొద్దున ప్రారంభ వేడుక ముందు వరసలోనుంచి చూశాం. పిల్లలు 'బాహుబలి' మాహిష్మతి సెట్టులో కత్తులు లేని యుద్ధం చేశారు. మధ్యాహ్నం అమ్మ గదిలో గంటన్నర కునుకు తీసి, మొహం కడుక్కుని, కొత్త చీర కట్టుకుని మళ్ళీ బయల్దేరింది. మొదటిసారి చెట్టుకింద కూలబడిన మనిషేనా అనిపించింది!

చివర్లో రైల్వే స్టేషన్ సెట్టు. సినిమాని బట్టి ఊరి పేరు మార్చేస్తారట. సొంత స్టేషన్ తనిఖీకొచ్చినట్టు అమ్మ ఆ కొస నుంచి ఈ కొసకి చూసింది.

"ఇంత పెద్ద టేషన్ల చాయ్ అమ్మెటోడే లేడేందిరా?"

బస్సంతా గొల్లుమంది. బావ మాత్రం చాయ్ ఎక్కడ దొరుకుతుందోనని అప్పుడే అటూ ఇటూ చూస్తున్నాడు.