నెదర్లాండ్స్‌ల యాక్సిడెంటయితే పైసలెవలికొస్తయ్? తోడబుట్టినోళ్ల పేరెందుకు లేదు?

మన దిక్కెల్లి చదువుకో, కొలువుకో నెదర్లాండ్స్ వచ్చిన పోరగాళ్లు మొదటి నెలలనే ఓ సెకండ్ హ్యాండ్ సైకిల్ కొనుక్కుంటరు. నేను సుత గట్లనే కొన్న. కానీ కారు వచ్చి సైకిల్‌ను గుద్దితే ఇక్కడి చట్టం ఏమంటదో, మనిషే పోతే ఇంటోళ్లకు ఏమొస్తదో మనోళ్లల్ల చానమందికి తెల్వదు. ఈ ఇరవై ఏండ్లల్ల ఆ చట్టం మస్తు మారింది. జర వివరంగ చెప్త.

ముందుగాల రోడ్డు సంగతి. మోటారు బండి సైకిలోన్నో, నడిచేటోన్నో గుద్దితే బాధ్యత బండోనిదే. తప్పు డ్రైవర్‌దని దెబ్బ తిన్నోడు నిరూపించే పనిలేదు. తన తప్పు ఇసుమంత కూడ లేదని, తప్పించే దారే లేకుండెనని డ్రైవరే నిరూపించాలె. అది మామూలు కష్టం కాదు. దెబ్బ తిన్న పిల్లగానికి 14 ఏండ్లు నిండకపోతే నష్టం మొత్తం బండోడే కట్టాలె. పిల్లగాడు కావాలని చేసినట్టో, దాదాపు గట్లాంటి తెగింపో ఉంటేనే మినహాయింపు. 14 దాటినోళ్లకు వాళ్ల తప్పున్నా కనీసం సగం వస్తది, మిగతా సగం ఎవరి తప్పు ఎంతో చూసి పంచుతరు. ఈ లెక్క వెనుక ఉన్న ఆలోచన సీదా. గుద్దుకుంటే ఇనుప డబ్బల కూసున్నోనికి ఏం గాదు, బయట ఉన్నోని బొక్కలిరుగుతయ్. పైగా బండికి బీమా ఉండుడు తప్పనిసరి. గుద్ది ఉరికిపోయిన కేసుల్ల, బీమా లేని బండ్ల కేసుల్ల ఇచ్చెటందుకు వేరే నిధి ఉన్నది.

ఇక్కడొక మాట. కరెంటు సైకిల్ సెట్టింగ్ మార్చి స్పీడు పెంచుడు ఇక్కడి పోరగాళ్లకు ఈ నడుమ ఫ్యాషనైంది. గంటకు 25 కిలోమీటర్లు దాటినా మోటార్ తోస్తున్నదంటే చట్టం లెక్కల అది సైకిలే కాదు, మోటారు బండి. అప్పుడు మీరు కాపాడబడే సైకిలోళ్లు కారు, బీమా లేని బండి నడిపినోళ్లయితరు. ఎవరికన్న దెబ్బ తగిలితే ఆ నిధి వాళ్లకు పైసలిచ్చి మీ దగ్గర వసూలు చేస్తది.

ఇగ అసలు ముచ్చట, దుఃఖం. 2019 కంటే ముందు ఈ దేశంల బిడ్డ యాక్సిడెంట్ల సచ్చిపోతే, ఆ దుఃఖానికని తల్లిదండ్రులకు చట్టం ఒక్క యూరో ఇప్పియ్యలే. అంత్యక్రియల ఖర్చు వచ్చేది. సంపాదించే మనిషి పోతే పోషణ నష్టం వచ్చేది. పసిపిల్ల సంపాదించదు గదా, గందుకే ఆ ఇంటికి దక్కేది దాదాపు బొందకయ్యే ఖర్చే.

2002 ఫిబ్రవరిల డచ్ సుప్రీంకోర్టు ముంగట ఓ తల్లి కేసు తీర్పుకొచ్చింది. ఐదేండ్ల బిడ్డ ట్యాక్సీ బస్సు కింద పడి పానం పోయింది. తల్లి వచ్చి బిడ్డను ఆ హాలత్‌ల చూసింది. పోయిన దుఃఖానికి పైసలిచ్చే దారి చట్టంల లేదు, మార్చాల్సింది పార్లమెంటేనని కోర్టు చెప్పింది. కానీ ఆ ఘోరం కండ్లార చూసి మనసుకు తగిలిన దెబ్బకు మాత్రం ఇయ్యొచ్చన్నది. దానికి సుత షరతుంది, వైద్యశాస్త్రం ఒప్పుకునే మానసిక జబ్బు ఉండాలె. అంటె చూసినోళ్లకే, అందుల జబ్బు పడ్డోళ్లకే. ఫోన్‌ల కబురు విని కూలబడ్డోళ్లకు ఏం లేదు.

దుఃఖానికి పరిహారం ఇయ్యాలని తెచ్చిన బిల్లును దిగువ సభ ఒప్పుకున్నా, 2010ల ఎగువ సభ కొట్టేసింది. దుఃఖానికి రేటు కడితే క్లెయిముల సంత మొదలైతదని వాదించిన్రు. నాకైతే ఆ వాదన తలకెక్కలే. ఏమీ ఇయ్యకపోవుడు కూడ ఓ రేటే, సున్న రేటు. చివరికి 2018ల కొత్త చట్టం పాసై 2019 జనవరి 1 నుంచి అమలైంది. దాని ప్రకారం 12,500 నుంచి 20,000 యూరోల దాంక ఖరారైన మొత్తాలున్నయ్. మనిషి పోతేనే కాదు, శాశ్వతంగ తీవ్రంగ దెబ్బతిన్నా దగ్గరోళ్లకు వస్తయ్. శరీరం పని సుమారు 70 శాతం పోవుడు దీనికి కొలమానం. యాక్సిడెంట్ కంటే నేరం వల్ల అయితే మొత్తం ఎక్కువ. ఖరారు లెక్క ఎందుకంటే, ఎవలెంత ఏడ్చిన్రో కోర్టుల కొలిచే పని ఉండొద్దని. ఆ పద్ధతి నాకు నచ్చింది.

నిజానికి ఈ విషయంల మన దేశం జర ముందే ఉన్నది. 2017ల మన సుప్రీంకోర్టు భర్తనో భార్యనో పోగొట్టుకున్నందుకు 40 వేలని, మూడేండ్లకోసారి పది శాతం పెంచాలని చెప్పింది. మరుసటేడు తల్లిదండ్రులు, పిల్లల ఎడబాటుకు సుత లెక్క చెప్పింది. మొత్తం చిన్నదేననుకోండి.

2022 జూన్ 28న డచ్ సుప్రీంకోర్టు ఇంకో అడుగేసింది. చూసి షాకైనోళ్ల విషయంల పాత షరతులను సడలించింది. ఘోరం ఎట్ల జరిగింది, ఎట్ల ఎదురైంది, సంబంధం ఎంత దగ్గరిది, అన్నీ కలిపి జడ్జి తూచాలన్నది. జబ్బు పేరు డాక్టర్ రాసియ్యకున్నా, మనసుకైన గాయం తీవ్రంగ ఉంటే సరిపోవచ్చన్నది.

మన ఊళ్ల తల్లిదండ్రులకు పనికొచ్చే మాట ఒకటున్నది. ఈడ రిజిస్టరైన కారు ఈడనే మీ కొడుకును గుద్దితే డచ్ చట్టమే వర్తిస్తది. మీరు కరీంనగర్‌ల ఉన్నా తల్లిదండ్రులుగ మీ పేరు జాబితాలనే ఉంటది. పెద్దోడై వేరుగ ఉంటున్న బిడ్డ యాక్సిడెంట్ల పోతే 15,000 యూరోలు. న్యాయమైన వకీలు ఖర్చు సుత తప్పు చేసినోళ్ల మీదనే పడుతది. ఒక్క పాయింట్ మీద పంచాయితి ఆగిపోతే ఆ ఒక్కదాని మీదనే జడ్జిని అడిగే దారి 2010 జూలై నుంచి ఉన్నది, కేసు మొత్తం ఏండ్లకేండ్లు నడిపే పనిలేదు.

నాకు మింగుడుపడనిది జాబితానే. భార్యాభర్తలు, కలిసి బతికేటోళ్లు, తల్లిదండ్రులు, పిల్లలు, ఇంట్ల పెట్టుకొని సాకినోళ్లు ఉన్నరు. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు లేరు. లెక్క పెరుగొద్దని కావాలనే జాబితా చిన్నగ పెట్టిన్రు. తమ్మున్ని ఇక్కడికి పిలిపించుకొని, ఫీజు కట్టి, ఒకే రూంల పెట్టుకున్న అన్నలు నాకు తెలుసు. అట్లాంటి అన్న పోతే తమ్ముడు ప్రత్యేక క్లాజు కింద దరఖాస్తు పెట్టి, మా సంబంధం మామూలు అన్నదమ్ముల కంటే ఎక్కువని నిరూపించుకోవాలె. చాన ఏండ్లు కలిసి ఉండుడు, ఒకరినొకరు చూసుకునుడు అక్కడ పనికొస్తది. గందుకే ఒకే ఇంట్ల ఉంటున్నట్టు మున్సిపాలిటీల ఎక్కించుకున్న కాయితం, అన్న కట్టిన ఫీజు రశీదులు పారెయ్యకుండ్రి. బీమా కంపెనీ మీద నేరుగ అడిగే గడువు మూడేండ్లే.