అక్షరాలు పోసే ముందు పాత్ర కొలవండి

కంప్యూటరు చదువుకుంటున్న పిల్లలు ఈ వేళ కాగితం, కలం దగ్గర పెట్టుకుని వినండి.

సీ అనే ప్రోగ్రామింగ్ భాషను 1970ల తొలి సంవత్సరాల్లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీ రూపొందించారు. ఇందులో ఒక మాట అంటే మెమరీలో వరుసగా ఉండే బైట్లు, వాటి చివర సున్నా విలువగల ఒక బైటు. మాట అక్కడితో అయిపోయిందని చెప్పే గుర్తు ఆ సున్నాయే.

మాటకు నకలు తీయడానికి స్ట్రింగ్ కాపీ అనే ఫంక్షను ఉంది. ప్రోగ్రాములో ఎస్.టి.ఆర్.సి.పి.వై. అని రాస్తారు. అది ఒక్కొక్క బైటునే తీసుకెళ్లి కొత్త చోట పెడుతుంది. సున్నా కనబడితే దాన్నీ పెట్టి ఆగుతుంది. కొత్త చోటు ఎంత ఉందో మాత్రం దానికి తెలియదు.

పది బైట్ల చోటు ఉందనుకోండి. బళ్ళారి అని ఇంగ్లీషులో రాస్తే ఏడు బైట్లు, సున్నాతో ఎనిమిది. సరిపోయింది. అదే తెలుగులో రాయండి. కంటికి మూడక్షరాలే. కానీ ఇప్పుడు వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు దేనికదే మూడేసి బైట్లు. లెక్కపెట్టండి: బ, ళ, పొల్లు, మళ్లీ ళ, దీర్ఘం, ర, గుడి. ఏడు మూళ్లు ఇరవై ఒకటి, సున్నాతో 22. కన్నడంలో రాసినా ఇదే లెక్క. మరి ఎక్కువైన 12 బైట్లు ఎక్కడికి పోతాయి? పక్కనున్న సమాచారం మీద పడతాయి.

అప్పుడు ప్రోగ్రాము ఆగిపోవచ్చు, పక్క లెక్క చెడిపోవచ్చు, దొంగకు దారి దొరకవచ్చు. 1988 నవంబరు 2న ఇంటర్నెట్‌లో పాకిన మోరిస్ వర్మ్ వాడుకున్న దారుల్లో ఒకటి ఇలాంటిదే. అక్కడ గెట్స్ అనే ఫంక్షను 512 బైట్ల చోటులోకి కొలత చూడకుండా చదివేది. 2011లో సీ ప్రమాణం నుంచి దాన్ని తీసేశారు.

మరి ఉపాయం? ఎస్.టి.ఆర్.ఎన్.సి.పి.వై.కి హద్దు చెప్పవచ్చు. అయితే మాట ఆ హద్దును నింపేస్తే చివర సున్నా పెట్టదు. ఎస్.ఎన్. ప్రింట్ ఎఫ్‌కు చోటు కొలత సరిగా చెబితే హద్దు దాటదు, సున్నా కూడా పెడుతుంది. కానీ మన పది బైట్లలో బళ్ళారికి మిగిలేది "బళ్" మాత్రమే! అసలు ఎంత పొడవో అది మనకు తిరిగి చెబుతుంది. ఆ సంఖ్య చూడకపోతే పేరు తెగిన సంగతే తెలియదు. కాబట్టి ముందు పొడవు కొలవండి, సున్నాకు ఒకటి కలపండి, అంత చోటు తీసుకోండి, ఆ తరువాతే నకలు తీయండి.

రెండు లిపుల మధ్య బతికే మనకు ఈ జాగ్రత్త మరీ అవసరం. ఇంగ్లీషు కొలతతో కట్టిన గడిలో మన ఊరూ పేరూ పట్టవు. పాత్రమెరిగి దానం అన్నారు పెద్దలు. ప్రోగ్రాము రాసేవారికీ అదే మాట.