ఫ్యాను తిరిగితే చాలదు

సూరత్‌లో గోడాదరా, లింబాయత్ వైపు తెలంగాణ నుంచి బతుకుదెరువుకు వచ్చిన నేత కుటుంబాలు స్థిరపడ్డాయి. మరమగ్గాల ఊళ్లోకి తర్వాత కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్లూ వచ్చాయి. వాటి కంట్రోల్ పెట్టెలోనూ, కొట్లో బిల్లులు కొట్టే కంప్యూటర్‌లోనూ కరెంటు అందించేది ఒకే జాతి యంత్రం: ఎస్‌ఎంపీఎస్, అంటే స్విచ్‌డ్ మోడ్ పవర్ సప్లై.

కంప్యూటర్ ఊరికే రీస్టార్ట్ అవుతోందని తీసుకెళ్తే రిపేరు షాపులో సప్లై పచ్చ తీగను నల్ల తీగకు కలుపుతారు. ఫ్యాను తిరిగి, మల్టీమీటరు 12 వోల్టులు చూపిందంటే "సప్లై బాగానే ఉందండీ" అనేస్తారు. ఆ మీటరు చెప్పేది సగటు మాత్రమే. ఆ 12 మీద సెకనుకు వేలసార్లు లేచి పడే అలలు దానికి కనబడవు.

ఆ అలలు ఈ యంత్రానికి పుట్టుకతో వచ్చినవే. పాత సప్లైలలో బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. 1977లో యాపిల్ 2 కోసం రాడ్ హోల్ట్ తేలికైన స్విచింగ్ సప్లై తయారుచేశాడు. 230 వోల్టుల ఏసీని దాదాపు 325 వోల్టుల డీసీగా మార్చి, దాన్ని ట్రాన్సిస్టర్లతో సెకనుకు వేలసార్లు తెంచుతూ కలుపుతూ ఉంటే చిన్న ట్రాన్స్‌ఫార్మరే సరిపోతుంది. బరువు తగ్గింది కానీ, రిపుల్ అనే ఈ అలలూ, నాయిస్ అనే గోలా అంటుకున్నాయి.

1995లో ఇంటెల్ కంప్యూటర్లకు ఏటీఎక్స్ అనే ప్రమాణం తెచ్చింది. దాని సప్లై మార్గదర్శకాల ప్రకారం 12 వోల్టుల లైన్‌పై అల అడుగు నుంచి కొస దాకా 120 మిల్లీవోల్టులు, 5, 3.3 వోల్టుల లైన్లపై 50 దాటకూడదు. కొలవాలంటే ఆసిలోస్కోప్ కావాలి, సప్లైకి లోడూ పెట్టాలి. కనెక్టర్ దగ్గర 0.1 మైక్రోఫారడ్ సిరామిక్, 10 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు తగిలించి, స్కోపును 20 మెగాహెర్ట్జ్‌కు పరిమితం చేస్తారు.

ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. స్కోపు ప్రోబుకు వేలాడే పొడవాటి గ్రౌండ్ తీగ యాంటెన్నాలా చుట్టుపక్కల గోలంతా పట్టేస్తుంది. దాన్ని పీకేసి, మొనకు పొట్టి స్ప్రింగ్ తొడగాలి. ముందు మొననూ స్ప్రింగునూ ఒకే గ్రౌండ్ బిందువుకు ఆనించి చూడండి. తెరపై అప్పటికీ కనిపించేది సప్లై తప్పు కాదు, మన కొలతదే.

అల ఎంత పెద్దదన్నదే కాదు, ఎంత త్వరగా వస్తోందన్నదీ రోగం చెబుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, రెక్టిఫయర్ దాటాక రెట్టింపు. 100 హెర్ట్జ్ అల లావుగా ఉంటే లోపలి పెద్ద కెపాసిటర్‌ను అనుమానించాలి. స్విచింగ్ వేగంతో వచ్చే ముళ్లు పెరిగితే అవుట్‌పుట్ వైపు చిన్న కెపాసిటర్లు ఎండిపోయి ఉండొచ్చు. పది డిగ్రీల వేడి పెరిగితే వాటి ఆయుష్షు సుమారుగా సగమవుతుంది. గాలాడని మిషన్ల గదుల్లో అవి తొందరగా చావడంలో వింతేముంది?

మార్చేటప్పుడు 105 డిగ్రీలకు తట్టుకునే, లో ఈఎస్‌ఆర్ (లోపలి నిరోధం తక్కువున్న) రకమే వేయాలి. పెట్టె విప్పేముందు ప్లగ్గు పీకి, పెద్ద కెపాసిటర్ డిశ్చార్జి అయిందని మీటరుతో చూసుకోవాలి. స్కోపు గ్రౌండును మాత్రం 325 వోల్టుల వైపు ఎప్పుడూ తగిలించకండి.