మైపాడు ఒడ్డున వారాలు అమ్ముడవుతాయా?

నెల్లూరు దగ్గర మైపాడులో మీకు స్థలం ఉందనుకుందాం. రాష్ట్రం 2024లో పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. కట్టేది హోటలా, టైమ్‌షేరు రిసార్టా (ఏటా ఒక వారం బస హక్కును చాలా ఏళ్లకు కలిపి ముందే అమ్మే పద్ధతి)?

ముందు హోటలు లెక్క. అంకెలు ఉదాహరణకే. గదికి ఖర్చు 40 లక్షలు, అందులో బ్యాంకు అప్పు 28 లక్షలు. రోజుకు 4,000 అద్దెతో ఏడాదికి 200 రాత్రులు నిండితే వచ్చేది 8 లక్షలు. జీతాలు, కరెంటు, ఉప్పుగాలికి తుప్పు పట్టే ఏసీల మరమ్మతు పోను మూడో వంతు మిగిలినా 2.67 లక్షలే. పది శాతం వడ్డీకే 2.8 లక్షలు కావాలి. ఇక అసలు ఎప్పుడు తీరేను?

టైమ్‌షేరులో డబ్బు ముందే వస్తుంది. మరమ్మతులకు రెండు వారాలు తీసేస్తే గదికి 50 వారాలు. వారం 3 లక్షలకు పోతే కోటిన్నర! అయితే ఈ వ్యాపారం బాగా పాతుకుపోయిన అమెరికాలోనే అమ్మకపు సొమ్ములో సగానికి దగ్గరగా ప్రచారానికి, కమీషన్లకు పోతుంది. మిగిలింది కూడా ఏళ్ల తరబడి గది ఇవ్వాల్సిన బాకీయే. క్లబ్ మహీంద్రా నడిపే సంస్థ ఒకప్పుడు సభ్యత్వ రుసుములో పెద్ద భాగాన్ని మొదట్లోనే ఆదాయంగా చూపేది. 2018లో ఇండ్-ఏఎస్ 115 (ఆదాయాన్ని ఎప్పుడు లెక్కలోకి తీసుకోవాలో చెప్పే ప్రమాణం) వచ్చాక దాన్ని సభ్యత్వ కాలమంతటికీ పంచాల్సి వచ్చింది.

నెల్లూరు తీరంలో అసలు చిక్కు క్యాలెండరుతోనే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. 1989 నవంబరు తుపాను కావలి దగ్గరే తీరం దాటింది. మే నెల ఎండ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ వారాలకు 3 లక్షలు ఎవరిస్తారు? నెల్లూరువాళ్లేమో సాయంత్రం వచ్చి, చేపల వేపుడు తిని, రాత్రికి ఇంటికి వెళ్లిపోతారు. మంచి వారం కొన్నవాళ్లు సైతం ఏటా ఇక్కడికే రారు. ఒక ఏడు ఊటీ, ఇంకో ఏడు మున్నారు అడుగుతారు. పలుచోట్ల రిసార్టులున్న సంస్థ ఆ కోరిక తీర్చగలదు. ఒక్క రిసార్టు యజమాని తీర్చలేడు.

కాబట్టి చిన్న యజమానికి హోటలే మేలు, అప్పు తగ్గించుకుంటేనే. గదికి 20 లక్షలే అప్పు చేస్తే వడ్డీ 2 లక్షలు. పైన కొంత మిగులుతుంది. కృష్ణపట్నం రేవు పనిమీద వచ్చేవాళ్లను వారం మధ్యలో రప్పించుకోగలిగితే గదులు మరికొంత నిండుతాయి. టైమ్‌షేరే కావాలంటే గొలుసు సంస్థకు స్థలం లీజుకివ్వడం నయం.

కొనేవాళ్లకు ఒక మాట: బసతో పాటు ఏటా ఇంత లాభం తిరిగిస్తామని ఎవరైనా అంటే, అది సెబీ అనుమతి కావాల్సిన సామూహిక పెట్టుబడి పథకం కావచ్చు. ఆ అనుమతి కాగితం చూశాకే సంతకం చేయండి.