కండరశాస్త్రమున నూతన పరిశోధకుల శిక్షణము

నేలపై గూర్చున్న నాలుగైదేండ్ల బాలుడు లేచునపుడు చేతులను మోకాళ్ళపై నూని, పిదప తొడలపైకి జరుపుకొనుచు, తన శరీరమునే నిచ్చెనగా నెక్కినట్లు లేచుచుండినచో, అతనిని సోమరి యని గద్దింపవలదని తల్లిదండ్రులకును ఉపాధ్యాయులకును మొదటనే మనవి చేయుచున్నాము. పిక్కలు బలిసినట్లు కనబడుచు, నడక తూలుచు, మెట్లెక్కుట కష్టమగుచుండినచో అది డుషేన్ కండరక్షీణతా వ్యాధి కావచ్చును. ఇది ప్రాయికముగా మగపిల్లలకే వచ్చును. 3,500 మొదలు 5,000 మంది మగశిశువులలో నొకనికి కలుగుచున్నది. చికిత్స లేనిచో పెక్కురు పండ్రెండేండ్లు నిండకమునుపే నడక గోల్పోవుదురు. తరువాత శ్వాసకండరములును హృదయమును దుర్బలములగును.

ఇట్టి వ్యాధుల మూలమును వెదకు శాస్త్రజ్ఞులు పట్టము పొందినంతమాత్రమున తయారు కారు. అనుభవశాలియగు గురువు చెంత కొన్ని యేండ్లు నిలిచి పనిచేయవలెను. ఇందులకు భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రమును మించిన యుదాహరణము మాకు తోచలేదు.

వారు మెట్రిక్యులేషను పరీక్షలో మూడవ పర్యాయమునగాని కృతార్థులు కాలేదు. (ఈ వాక్యమును మా విద్యార్థులు కొందరు మిక్కిలి సంతోషముతో చదువుదురని యెరుగుదుము.) చెన్నపట్టణమున వైద్యము నభ్యసించి, 1922లో అమెరికాలోని బోస్టను నగరము చేరి, పొట్టకొరకు ఆసుపత్రిలో రాత్రికొలువు చేసిరి. పిదప హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్క్ అను నాచార్యుని ప్రయోగశాలలో ప్రవేశించిరి. అచ్చట చేపట్టిన పని చూపునకు చిన్నది: శరీరద్రవములందు భాస్వరమెంత గలదో కొలుచు పద్ధతిని కుదుర్చుట. ద్రవమున ఆమ్లమును, మాలిబ్డినపు లవణమును, మఱియొక ద్రవ్యమును కలిపినచో నీలివర్ణము పుట్టును. నీలమెంత గాఢమో భాస్వరమంత అధికము. 1925లో ప్రకటితమైన యీ పద్ధతి నేటికిని వారిరువురి పేరనే పిలువబడుచున్నది.

అదే కొలతను కండరరసమునకు పెట్టి చూడగా నొక చిక్కు గలిగెను. వర్ణము వెంటనే పూర్తిగా రాక, మెల్లమెల్లగా చిక్కబడుచుండెను. తొందరపాటుగల శిష్యుడైనచో గాజుపాత్ర సరిగా కడుగలేదనుకొని పారబోసియుండును. వీరు పారబోయలేదు. వెదకగా వెదకగా, కండరములోని భాస్వరామ్లము క్రియేటిను అను పదార్థముతో గూడియున్నదనియు, ఆ కూటమి ఆమ్లములో నెమ్మదిగా విడిపోవుటచేతనే వర్ణ మాలసించుచున్నదనియు తేలెను. కండరము పనిచేసినపుడు ఇది తరుగును. విశ్రమించినపుడు మరల పెరుగును. 1927లో వీరు దీనిని ప్రకటించిరి. అదే కాలమున ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులును కనుగొనిరి. కండరసంకోచమునకు లాక్టికామ్లమే మూలమను నాటి మతము దీనితో కదలబారెను. 1929లో జర్మనీలో లోమాన్ గారును, బోస్టనులో వీరును ఏ.టి.పి. అను మఱింత ముఖ్యమైన పదార్థమును వేర్వేరుగా వెల్లడించిరి. సుబ్బారావుగారికి డాక్టరు పట్టము 1930లోగాని రాలేదు. అనగా ఇవియన్నియు శిష్యదశలో జరిగినవే.

దీనికిని ఆ బాలుని వ్యాధికిని సంబంధమేమని చదువరు లడుగవచ్చును. ఆ కూటమినుండి భాస్వరమును తీసి ఏ.టి.పి.ని తయారుచేయు క్రియేటిన్ కైనేజ్ అను ఎంజైము, కండరకణపు పొర చిరిగినచో రక్తములోనికి కారును. 1959లో జపానులో ఎబాషి మొదలగువారు ఇట్టి రోగుల రక్తమున అది మిక్కిలి హెచ్చుగా నుండుట చూపిరి. అనుమానము కలిగినపుడు వైద్యులు నేడు మొదట చేయించు పరీక్ష యిదియే.

పొర యేల చిరుగును? 1986లో, మరల బోస్టనులోనే, లూయీ కుంకెల్ గారి ప్రయోగశాలలో ఆంథొనీ మొనాకో అను విద్యార్థి మొదలగువారు దోషయుక్తమగు జన్యువును పట్టిరి. 20 లక్షల అక్షరములకు మించిన జన్యువది! మరుసటియేట ఎరిక్ హాఫ్‌మన్ అను యువశాస్త్రజ్ఞుడు మొదలగువారు దానివలన పుట్టు డిస్ట్రోఫిన్ అను మాంసకృత్తును కనుగొనిరి. అది కండరపు పొరను కాచును. ఈ రోగులలో నది లేదు. స్టెరాయిడు మందులు నడకను కొంతకాలము నిలుపగలవు గాని, పూర్తిగా మాన్పు మందు ఇంకను దొరకలేదు.

కావున పనివారు కావలెను. క్రొత్తగా చేరినవాడు ముందు నేర్చునది, కండరపు ముక్కను అతిశీఘ్రముగ గడ్డకట్టించి, వెండ్రుకకంటె పలుచగా కోయుట. ఆలస్యమైనచో లోపల మంచుకణికలేర్పడి, ఆరోగ్యవంతమైన కండరము సైతము తూట్లుపడి రోగగ్రస్తముగా కనబడును. చెడిన ముక్కకు బదులు మరల బాలుని తొడను కోయరాదు గనుక, ఎలుక కండరముపై ముందుగా చేయి కుదుర్చుకొందురు.